పొయ్యికి అడ్రసు లేదట

సభ పెద్ద, మన ఫంక్షన్ హాళ్ల సంఘం అధ్యక్షులు అమరేందర్ సారుకు, ముందు వరుసల కూసున్న కోస్గి పెద్దలకు, ఇన్నేండ్లు నా పక్కన పొగల నిలబడి కండ్లు ఎర్రగ చేసుకున్న మా జన్నత్ బీకి, నా లెక్క సొంతంగ గుత్తకు పట్టి పెండ్లిళ్లకు వండేటోళ్లందరికి ఈ వంటల నర్సింగమ్మ దండాలు.

సారు ఇందాక "నర్సింగమ్మ గారు విశ్రాంతి కోరుకుంటున్నారు" అన్నరు. నేనెప్పుడు కోరుకున్న సారూ? (నవ్వులు) నవ్వుండ్రి, ఫికర్ లేదు. లైసెన్సు లేనోళ్లు హాళ్లల్ల వండొద్దని రూలు పెట్టింది మీ సంఘమే, గా రూలుతోని నన్ను బయటికి పంపి శాలువ కప్పుతున్నది గూడ మీ సంఘమే.

లైసెన్సు తీసుకోనన్ననా? మా మనవరాలు ప్రణీతను ఎంబడి పెట్టుకొని లైసెన్సులిచ్చే ఆఫీసుకు పోయిన. ఆడున్న పిల్లగాడు మంచిగనే మాట్లాడిండు. "అమ్మా, మీ వంటగది అడ్రసు చెప్పండి" అన్నడు. "నాకు వంటగది ఏడిది బిడ్డా, ఎవరింట్ల పెండ్లయితే వాళ్ల వాకిట్ల పొయ్యి పెడ్త" అన్న. "అట్ల కుదరదమ్మా, ఒక్క జాగా ఉండాలె, దాని ఫోటో పెట్టాలె" అన్నడు. మా ఇంట్ల గుండిగ పెడితే మనిషి నిలబడ జాగా లేదు, కిరాయికి రూము అడుగుదామంటే వంట పొగ అనంగనే ఓనర్లు తలుపు తీస్తలేరు. అమరేందర్ సారూ, మీ పెండ్లి వంట మీ ఇంటెనక పశుల కొట్టం పక్కన వండిన గద, గప్పుడు అడ్రసు ఎవరడిగిన్రు? బగార అన్నం మళ్లొక్కసారి పెట్టించుకొని మరీ తింటిరి. (నవ్వులు)

రూలే వద్దంటలేను. తిన్నోళ్లకు ఏమన్న అయితే అడగనీకె ఒక మనిషి ఉండాలె, నిజమే. నేను ఈడనే ఉన్న గద, నన్ను అడుగుండ్రి. నా నీళ్లు చూడుండ్రి, గిన్నెలు చూడుండ్రి. అవి చూసుడు వదిలిపెట్టి లేని జాగా చూపియ్యమంటే నేనేడ తెద్దును?

ఒక్క మాట చెప్పి దిగుత. వచ్చే నెల మా ప్రణీత పెండ్లి. పిల్లగానోళ్లు ఈ హాలే కావాలన్నరు. మొన్న సారు దగ్గరికి పోయి, "గా ఒక్క పూట నన్ను వండనియ్యి" అని బతిమాలిన. "రూలు రూలే అమ్మా, నువ్వు హాయిగ కూసోని తిను" అన్నరు. ఊరందరి పిల్లల పెండ్లిళ్లకు వండిన, నా మనవరాలి పెండ్లికి నా పొయ్యి లోపలికి రావద్దట. నాకు కోపమొస్తాంది సారూ, దాచుకోను.

శాలువ కప్పినందుకు, ఇంతసేపు ఇన్నందుకు మీకందరికి దండాలు. పెండ్లినాడు వస్త, పిల్లను దీవిస్త. ఈ హాల్ల మెతుకు మాత్రం ముట్ట. సెలవు.