కంపెనీ గోడ పక్కన నీలం మచ్చ

హలో… ఆ, నేనే, సాలమ్మను. చౌటుప్పల్ కాడ మూసేసిన మందుల కంపెనీ లేదా, దాని గోడ పక్క చెలక మాదే. నువ్వు భూమికి ఫొటో దీసిన నిహారికవే గద?

పెట్టెయ్యకు బిడ్డా, ఒక్క ముచ్చట…

మీ బోర్డు మొత్తం చదివిన. విషపు మట్టి ఎత్తేసిండ్రు, ఇంక లోపల ఏమన్న మిగిలిందా అని ఇనుప సలాకలు పాతి కరెంటు పంపి చూస్తుండ్రు… లేదు, బడికి పోలే. నా అంతట నేనే నేర్చుకున్న.

ఆ… గదే. మీ ఫొటోల మా చెలక మూలకు నీలం మచ్చ వచ్చిందట. గాడ విషం నీళ్లున్నయని రేపు పొద్దుగాల జేసీబీతోని తవ్వుతరట. మీ కాడ సలాకలు పాతే సైదులు జెప్పిండు.

తవ్వకుండ్రి బిడ్డా. గాడ చుక్కి ఉన్నది…

మేమే బొంద పెట్టినం. నేను, మా ఆయన లింగయ్య.

హలో?… పోలీసులకు ఫోన్ జేస్తనంటవేంది?… అయ్యో, చుక్కంటే మా బర్రె.

నవ్వుతున్నవా… నవ్వు, మంచిదే.

జెరమొచ్చి సచ్చిపోయింది. మా దిక్కు పశువును ఉప్పేసి బొంద పెడతం. ఒక బస్తా చాలన్నడు మా ఆయన. నాకే పానం ఒప్పక గుంత నిండ పోపిచ్చిన.

ఆ?… ఉప్పుల కరెంటు జల్ది ఉరుకుతదా? గందుకే నీలమా?… వానలకు కరిగి చుట్టు పాకిందా… మరి విషం గాదు గద?

ఏమో అంటవా… సన్నటి బొక్క పెట్టి మట్టి దీసి చూస్తరా? జేసీబీ రాదు గద? ఒట్టు?…

సరే. బొక్క జర పక్కకు పెట్టుండ్రి. తలకాయ తూర్పు దిక్కున్నది.

ఇంగోటి… కరెంటు పెట్టినప్పుడు దానికి ఝుమ్మనలే గద? మోటరు చప్పుడుకే బెదిరేది పాపం…

ఉంటనంటవా? అందరు ఉంటననే పెట్టేస్తరు బిడ్డా. మా అక్క గూడ గట్లనే అన్నది. మల్ల ఫోన్ రాలే… ఏడుస్తలేను, సర్ది.

జర గా నీలం ఫొటో పంపరాదు. దాని ఫొటో నా దగ్గర ఒక్కటి గూడ లేదు…

వచ్చింది, వచ్చింది. ఆగు, అద్దాలు పెట్టుకుంట…

ఓ నా తల్లీ… గింత లావైనవేందే…

లేదు బిడ్డా, నిన్ను గాదు. హలో?… హలో?