సిమ్ము లేని ఫోను

కూర్చోమని అనకపోయినా కూర్చుంటున్నాను చక్రీ. కంకిపాడు నుంచి బస్సులో నిలబడే వచ్చాను. ఈ వన్ టౌన్ సందుల్లో తోపుడుబళ్లను తప్పించుకుంటూ నడిచొచ్చాను. పద్దెనిమిదేళ్ల తర్వాత బావ గడప తొక్కితే స్టూలు కూడా జరపవు. ఆ ఫోను కవర్లు తర్వాత సర్దుకోవచ్చులే, అవేం పారిపోవు.

శుభలేఖ చూశావుగా. నీ మేనకోడలు సింధూరి పెళ్లి. పిల్లని బుట్టలో కూర్చోబెట్టి మంటపానికి మోసుకురావలసింది మేనమామ. మీ అక్కేమో పినతండ్రి కొడుకుతో ఆ పని కానిచ్చేస్తానంటోంది. పిల్లేమో, చక్రి మామయ్య మొయ్యకపోతే బుట్టే వద్దు, నడిచొస్తానని భీష్మించింది. నవ్వావు కదూ. నవ్వు. ఆ మొండితనం మీ ఇంటి సొత్తేగా.

అక్క పిలవమందా అంటావా? అనలేదు. నేనిక్కడికొచ్చినట్టే తెలీదు. పైపులు కొనడానికి ఆటోనగర్ వెళ్తున్నానని చెప్పొచ్చాను.

అసలు మనిద్దరం ఏం చూసుకుని కొట్టుకున్నాం చెప్పు. నువ్వు సిమ్ము ఫోన్ల డీలరువి, జీఎస్ఎం. నేను సిమ్ము లేని ఫోన్ల డీలర్ని, సీడీఎంఏ. వాటి పూర్తి పేర్లు నాకప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. హోటల్లో మీటింగు పెట్టి, బిర్యానీ పెట్టి, ‘రెండేళ్లలో వాళ్ల టవర్ల మీద కాకులు గూళ్లు పెడతాయి’ అన్నాడు మా మేనేజరు. చప్పట్లు కొట్టాను. మీ మేనేజరూ అదే చెప్పుంటాడు, అదే బిర్యానీ పెట్టి.

మీ ఫోన్లో సిమ్ము తీసి ఇంకోదాంట్లో వేసుకోవచ్చు. మాది నంబరు ఫోనుకే అతుక్కుని ఉండేది. కొన్నవాడు కంపెనీకి కాపురానికొచ్చినట్టే. ఇంట్లో విస్తళ్ల ముందు కూడా మనకదే రభస. ‘మీ ఫోన్లు పాడుగాను, పప్పు ఇటు జరపండ్రా’ అనేవాడు మీ నాన్న.

ఆయన పోయిన రోజు సంగతికే వస్తున్నాను. ఉండు, చెప్పనీ.

వసారాలో మంచం మీద ఆయాసపడుతున్నాడు. చక్రి వచ్చాడా అని మూడుసార్లు అడిగాడు. తమ్ముడికి ఫోను చెయ్యండి అంది మీ అక్క. నా ఫోను తీశాను. ఒక్క గీత లేదు. వాకిట్లో పాతికమంది నిలబడి ఉన్నారు. సగంమందికి నేనే ఫోన్లు అంటగట్టాను, బావిలోకి దిగినా సిగ్నలు తప్పదని చెప్పి. పక్కింటి శౌరయ్య తన సిమ్ము ఫోను చాపాడు, ‘ఇందులో చెయ్యండి బసవపున్నయ్య గారూ’ అని.

తీసుకోలేదు చక్రీ.

డీలరే పోటీ కంపెనీ ఫోను చెవిలో పెట్టుకుంటే తెల్లారేసరికి నేనమ్మినవన్నీ నా గుమ్మంలో పడతాయని నా భయం. సిగ్నలు కోసం రోడ్డెక్కినా జనం చూస్తారని, అదీ చెయ్యలేదు. మూగ ఫోను చెవికి ఆనించుకుని అటూ ఇటూ తిరిగాను. లోపలికెళ్లి ‘వాడిది స్విచ్చాఫ్ వస్తోంది’ అన్నాను. మీ అక్క అడిగినప్పుడల్లా అదే మాట. ఆయన గంటసేపు గుమ్మం వైపు చూశాడు. నువ్వు ముప్పావుగంటలో వచ్చేవాడివి.

పోయాక శౌరయ్యే నీకు చేశాడు. మొదటి రింగుకే ఎత్తావు. అదీ నీ నెత్తినే పడింది, తండ్రి పోయాక గాని వీడు ఫోను ఆన్ చెయ్యలేదని. ఆపలేదక్కా, ఆపలేదక్కా అని నువ్వు మొత్తుకుంటున్నావు. నేను పక్కనే ఉన్నాను. ఎవరో ఇచ్చిన కాఫీ తాగుతున్నాను.

ఇప్పుడు మా కంపెనీ లేదు. మీ కంపెనీని ఇంకెవరో మింగారు. కాకులు మాత్రం వచ్చాయి, గూళ్లు మా టవరు మీదే పెట్టాయి.

లేచావేం? పొమ్మంటే పోతాను. కొట్టినా పడతాను.

ఆ ఫోనెందుకు చాపుతున్నావు? అక్క నంబరా? ఇప్పుడే, నీ ఎదురుగానే చెప్పమంటావా?

ఇంటికెళ్లి నెమ్మదిగా చెబుదామనుకున్నాను. పద్దెనిమిదేళ్లూ అలాగే అనుకున్నానులే.

ఇలా ఇవ్వు, నీ ఫోన్లోనే మాట్లాడతాను. గీతలన్నీ నిండుగా ఉన్నాయి. నాకు ఆ సాకు కూడా లేకుండా పోయింది.