తొమ్మిదో పేరు

యాంగోన్, లత టౌన్‌షిప్‌లో ఒక సందు మొగ. తాయారమ్మ బజ్జీల బండి. మధ్యాహ్నం మూడు దాటింది. బండి ముందు ప్లాస్టిక్ స్టూలు మీద నవోమి, చేతిలో ఫోను.

"అది కాదు పిన్నీ, ముందు నేను చెప్పేది విను."

"వింటన్నాను కదే. సాయంత్రం ఆరింటికి బేంకాక్ వోళ్ళకి మన క్లబ్బు పేర్లు పంపాల. తొమ్మిది పేర్లు. ఒక్కటి తగ్గినా పోటీకి రానివ్వరు. ఇంతేనా?"

"అంతే. అందుకే వచ్చేను."

"కేప్టెనుగా నా పేరు కొట్టీడానికి ఒచ్చేవు."

"నేనెప్పుడన్నాను?"

"అనక్కర్నేదు. బజ్జీ సేతిలో ఎట్టి పావుగంటయింది, కొరకనేదు. అంత ఓపిక నీకెక్కడిదే? ఎవులు పంపించేరు నిన్ను, ఆ ఎస్తేరు రాణేనా?"

"అందరం అనుకున్నాం."

"అందరూనా."

"అలా కాదు పిన్నీ..."

"నానేటి అడిగేనా కేప్టెన్ని సెయ్యండని? టీ కేటిలు పట్టుకుని ఒచ్చినదాన్ని. నీకూ ఎస్తేరుకీ ఓట్లు సమానంగా పడ్డాయి. ఇద్దరూ మొకాలు మాడ్సుకుని కూకున్నారు. మీ పాస్టరు మోషేగారే కదా, సంఘంలో పెద్దల్ని ఎంచినట్టు సీటీలేద్దాం అన్నది?"

"మా ఇద్దరి పేర్లే వెయ్యమన్నాడాయన. మా సంఘం పీటరుగారు హాజరు పుస్తకంలో ఉన్న పేర్లన్నీ రాసి డబ్బాలో పడేసేడు."

"టీ తెచ్చినప్పుడల్లా ఆ పుస్తకంలో సంతకం ఎట్టమన్నది నువ్వే. ఎట్టేను. ఆనక మోకాళ్ళేసి పార్దన సేసింది మీరే. సింహాద్రప్పన్నకి మొక్కే మనిసిని నాను. మీ దేవుడు నా పేరు తీస్తే నానేటి సేసేది?"

"మళ్ళీ తీద్దాం అన్నాం కదా. ప్రార్థన చేసి తీసిన చీటీని కాదంటే ఇంక ప్రార్థనెందుకని పాస్టరుగారు ఒప్పుకోలేదు."

"మంచోడు మీ పాస్టరు."

"పదకొండు ఆటలు ఆడేం పిన్నీ. ఒక్కటి నెగ్గేం."

"అదీ సంగతి. ఇప్పుడు బయటపడ్డావు. ఆ పది ఆటలూ నా మూలంగానే ఓడిపోనారేటి? ఆ ఐర్లండు మాస్టారు నాలుగు బంతులూ, ఒక రూలు పుస్తకమూ ఇచ్చీసి, గేలిక్ ఫుట్‌బాలు క్లబ్బుని మీరే సూసుకోండని ఎల్లిపోనాడు. కుర్రోళ్ళంతా ఒక్కొక్కలే తాయిలాండు పనులకి పోనారు. మిగిలింది మీ ఆడగుంటలు. మింగళాడోన్‌లో ఆ ఫేక్టరీ ఎనకాల జాగా ఎవులడిగేరు?"

"నువ్వే."

"ఎదురు బొంగులు పాతించి గోలుపోస్టులు నిలబెట్టింది?"

"నువ్వే పిన్నీ. కాదని ఎవరన్నారు?"

"వార్డాపీసాయన ఒచ్చి, ఇదేటి, రెండు బొంగులు ఆకాసానికి నిలబెట్టి మజ్జిన అడ్డకర్ర కట్టేరు, రేడియో ఏరియలా అనడిగితే?"

"బట్టలారేసుకోడానికి అన్నావు."

"మరేటి సెప్పమంటావు? కాలితోనూ తంతారు, సేత్తోనూ కొడతారు, కర్ర పైనుంచి ఎల్తే ఒకటి, కిందనుంచి ఎల్తే మూడు అని సెప్తే ఆయన నమ్ముతాడేటి?"

"దాంతో ఏడాదంతా ఆదివారం ఆరాధన అయ్యేక గ్రౌండుకెళ్ళడం, బాబాయి లుంగీలన్నీ ఆ కర్ర మీంచి తియ్యడం, ఆట అయ్యేక మళ్ళీ ఆరెయ్యడం."

"ఒకసారి అబద్దం ఆడినాక నిలబెట్టుకోవాల కదే."

"ఆ స్కూలు టీచర్ల టీంతో ఆడిన రోజు ఒక లుంగీ తియ్యడం మర్చిపోయేం."

"నువ్వు మర్చిపోనావు."

"సరే, నేనే. బంతెళ్ళి దాన్లో చుట్టుకుంది. లుంగీతో సహా అడ్డకర్ర పైనుంచి అవతల పడింది. ఆ రిఫరీ మొహం చూసేవా? రూలు పుస్తకం మొదటి పేజీ నుంచీ తిప్పేడు."

"పాయింటిచ్చేడా నేదా?"

"ఇచ్చేడు."

"ఆ ఒక్క పాయింటుతోనే కదా నెగ్గేం. మీ బాబాయి ఇప్పటికీ ఆ లుంగీ ఉతకనివ్వడు."

"అబ్బ, నవ్వించకు పిన్నీ. నేను సీరియస్ మాట చెప్పడానికొచ్చేను."

"నవ్వుతా సెప్పు. జయ సేసిన పని గుర్తుందా, తన్లిన్ నర్సులతో ఆడినప్పుడు?"

"ఎలా మర్చిపోతాం. బంతి కాలి మీద ఎగరేసుకుంటూ పరిగెట్టాలంటే ఎవరికీ రాదు, దానికొక్కదానికే వచ్చు. పుట్టినప్పటినుంచీ వీధిలో చిన్లోన్ ఆడింది కదా, ఆ పేము బంతితో."

"గోలు ముందర ఒక్కత్తీ ఉంది. తంతే మూడు."

"తన్నకుండా ఆగిపోయింది. మడమ మీద ఒకటి, మోకాలి మీద ఒకటి, భుజం మీద ఒకటి..."

"గుండ్రంగా తిరుగుతా."

"నర్సులందరూ ఆట మానేసి చప్పట్లు కొట్టేరు. నువ్వూ కొట్టేవు. మన కేప్టెనువి."

"బాగా సేస్తే కొట్టనేటి?"

"తన్నవేమే అంటే, చిన్లోన్‌లో గెలుపూ ఓటమీ లేవు కదా అక్కా అంది. నాకు ఏడవాలో నవ్వాలో తెలీలేదు."

"వానల్లో మరీ బాగుంది. గ్రౌండంతా మోకాల్లోతు నీళ్ళు. గోలు దగ్గర జెల్లలు తిరిగీవి."

"ఆట ఆపించి మరీ పట్టేవు."

"పులుసు తిన్నోళ్ళు ఎవులూ అప్పుడు తప్పననేదు."

"పిన్నీ, టైం మూడున్నర దాటిపోయింది. నన్ను చెప్పనీ."

"సెప్పడానికేటుంది. కొట్టీ. ఎస్తేరు రాణి పేరు రాసీ కేప్టెనని. నాకేటి బాద నేదు."

"పిన్నీ."

"ఉంది. అబద్దమెందుకు. ఉందే. టాసేసినప్పుడు ఆ రిఫరీ 'డా తాయారు', అంటే తాయారుగారూ అని మర్యాదగా పిలిసి సెయ్యి కలుపుతాడు సూడు, నాకెంత బాగుంటాదో నీకు తెల్దు. ముప్పయ్యేళ్ళుగా ఈ సందులో బజ్జీలు ఏస్తన్నాను. ఏయ్ బజ్జీలూ అనీవోడే గానీ పేరెట్టి పిలిసినోడు ఒక్కడూ నేడు. కేప్టెనయ్యేకే నాకో పేరుందని జనానికి తెలిసింది. సరే, ఏడాది ఉన్నాను, సాలు. రాసుకో."

"నీ పేరు కొట్టడానికి రాలేదు పిన్నీ."

"మరి?"

"వెరోనికా రావట్లేదు."

"ఏటొచ్చింది దానికి, జొరమా?"

"మూడో నెల."

"ఓలమ్మ. నాకు సెప్పనేదు సూడు. మొన్నొచ్చి బజ్జీలొద్దు, పచ్చి మావిడికాయుంటే ముక్క కోసియ్యమంది. అప్పుడే అనుమానం ఎయ్యాల నాకు."

"దాంతో మేం ఎనిమిదిమందిమి అయ్యేం. మిగతా పిల్లలకి పాస్‌పోర్టుల్లేవు, ఇప్పుడు అప్లై చేసినా టైంకి రావు. పొద్దుట్నుంచీ అందర్నీ అడిగేను. క్లబ్బులో పాస్‌పోర్టున్న తొమ్మిదో మనిషి ఒక్కరే."

"ఎవులు?"

"సింహాచలం మొక్కుందని నువ్వు తీయించుకున్నావు కదా."

"అది... అదుంది. బియ్యం డబ్బాలో ఉంది."

"కేప్టెనని చెప్పి గీత బయట నిలబడితే ఒప్పుకోరంట. ఆడాలి. నీకు యాభై రెండని చెప్పేను. పెద్దవాళ్ళకి అడ్డేం లేదన్నారు. గోల్లో నిలబడితే చాలు పిన్నీ. ఆ రోజు బంతి టీల దగ్గరకొస్తే ఒక చేత్తో కేటిలు పట్టుకుని రెండో చేత్తో బంతి పట్టేసేవు కదా, అందరం చూసేం. నిన్నే పెడదాం అని ఎనిమిదిమందీ చేతులెత్తేరు. ఎస్తేరు రాణి అందరికంటే ముందెత్తింది."

"ఎస్తేరా?"

"ఎస్తేరే. అడగడానికి మాత్రం అందరికీ సిగ్గేసి నన్ను తోసేరు. ఏడాదంతా నీచేత టీ మోయించేం, పోస్టులు పాతించేం, ఒక్కసారి బంతి ఇవ్వలేదు. ఇప్పుడు మనిషి తక్కువైతే ఆడమంటే నీకు కోపం రాదా? నాకైతే వచ్చేది. పిన్నీ? బజ్జీలు మాడిపోతున్నాయి."

"మాడనీ."

"నువ్వు కాదంటే వెళ్ళం, అంతే. నిన్నెవరూ తప్పుపట్టరు. నీకు మోకాళ్ళు సహకరించాలి, బాబాయి ఒప్పుకోవాలి, పైగా చీరతో ఆడనివ్వరు. అవన్నీ ఆలోచించుకునే చెప్పు. ఆరింటిదాకా ఇక్కడే కూర్చుంటాను. ఏడుస్తున్నావా?"

"నూని పొగే. రాసీ నా పేరు. పదకొండు ఆటలు నవోమీ. ఎవులైనా 'నువ్వూ రా పిన్నీ' అంటారేమో అని, పదకొండు ఆటలకీ సీర కింద నిక్కరు తొడుక్కునే ఒచ్చేను."