మనోడు అడిగిన ఊరు

పెద్దలకు, ఆసుపత్రిలో నాతో పాటు పనిచేసే వాళ్ళందరికీ, మంచాల మీద నుంచి లేచి వచ్చిన రోగులకు నమస్కారం. అందరికంటే ముందు, సముద్రాలు దాటి వచ్చి ఈ మొదటి వరసలో కూర్చున్న ఆ అమ్మకు నమస్కారం. అమ్మా, ఏ మొహం పెట్టుకుని మీ ముందు మాట్లాడాలో నాకు తెలియడం లేదు. నవ్వుతున్న పిల్లవాణ్ణి మీరు మాకు పంపించారు. మేము పెట్టెలో పెట్టి మీకు చూపిస్తున్నాం.

మైకు ముందు నిలబడటం నాకు ఇదే మొదలు. నేను ఈ మిషను ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికేవాణ్ణి. ఊరి బడిలో వచ్చిన నాలుగు అక్షరాలే నా చదువు. నోరు పెగలదేమోనని కాగితం మీద రాసుకొచ్చాను. చూసి చదువుతాను. తప్పులుంటే సర్దుకోండి.

నన్నే ఎందుకు మాట్లాడమన్నారో మీలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఆ అబ్బాయి ఆఖరి మాట విన్నది నేనొక్కణ్ణే. ఆ మాట ప్రకారమే చేస్తామని సూపరింటెండెంటు గారు అన్నారు. అమ్మ కూడా ఒప్పుకుంది. ఇక్కడే ఉంటానని అడిగి ఉంటే చర్చి వెనక పడుకోబెడతారు. ఇంటికి పంపమని అడిగి ఉంటే అమ్మతో పాటు విమానం ఎక్కిస్తారు. రెండింటిలో ఏదో ఈ సభ అయ్యేలోపు నేను చెప్పాలి.

మాట విన్నాను. బాగా విన్నాను. కానీ అది ఏ మాటో నాకు తెలియడం లేదు. మీకు అయోమయంగా ఉంది కదూ? నాకూ అంతే. మొదటి నుంచి చెబితే గాని తెగదు.

వాడు వచ్చిన రోజు గుర్తుందా మీకు? మీసం కూడా సరిగ్గా రాలేదు. వీపున పెద్ద సంచీ. సువార్త చెప్పడానికి వచ్చానన్నాడు. సూపరింటెండెంటు గారు అడిగారు, "సూది వేయడం వచ్చా బాబూ? కట్టు కట్టడం వచ్చా?" అని. రాదన్నాడు. వంట వచ్చా అంటే అదీ రాదన్నాడు. "అయితే లాండ్రీకి పో" అన్నారు. వాక్యం చెప్పడానికి వచ్చిన పిల్లవాడు వాంతుల దుప్పట్ల దగ్గరికి వచ్చి పడ్డాడు. వాడు మొహం మాడ్చుకోలేదు. చొక్కా చేతులు పైకి మడిచాడు.

తడి దుప్పటి పిండాలంటే ఇద్దరు కావాలి. చెరో కొసా పట్టుకుని ఎదురుబొదురుగా నిలబడాలి. నేను ఇటు తిప్పితే వాడు అటు తిప్పాలి. అప్పుడే నీళ్ళు కారతాయి. వాడేం చేశాడో తెలుసా? నా చేతులే చూస్తూ, నేను ఎటు తిప్పితే వాడూ అటే తిప్పాడు. దుప్పటి తాడులాగా గిరగిరా తిరిగిందే గాని చుక్క నీరు రాలలేదు. ఇదేమిటి నాయనా అంటే, "తాతా, నువ్వు ఎటో మనమూ అటే" అన్నాడు. నాతో తగవు పడకూడదనుకున్నాడట. తగవు పడితేనే దుప్పటి ఆరుతుందని నేర్పేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ మాట విన్నారా? నువ్వు ఎటో "మనమూ" అటే. నేనూ అటే అనాలి. వాడికి అది రాదు. నా, మా, మన, మూడింటికీ వాడు ఒక్క "మన" అన్న మాటే వాడేవాడు. మన చెప్పులు. మన జలుబు. మన అమ్మ బడిలో పంతులమ్మ. ఒకసారి నల్లా దగ్గర అందరి ముందూ నన్ను అడిగాడు, "తాతా, మన ఆవిడకి ఒంట్లో ఎలా ఉంది?" అని. బిందెలు వదిలేసి నవ్వారు ఆడవాళ్ళు. మా ఆవిడ అక్కడే ఉంది. ఊరుకుంటుందా? "ఒక్కడితో వేగడమే గగనంగా ఉంది నాయనా, ఇద్దరైతే నావల్ల కాదు" అంది. ఆ రోజు నుంచి వాడికి మనోడు అని పేరు పడింది. అసలు పేరు పలకడం మనలో ఎవరికీ తిన్నగా రాలేదు కూడా.

పాస్టరు గారు అమ్మ చెవిలో ఇదంతా వాళ్ళ భాషలో చెబుతున్నారు. ఎలా చెబుతున్నారో పాపం. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, పక్కన పెడితే మేము. మన పసిపిల్లలు కూడా ఇందులో పొరపాటు పడరు. వాళ్ళ భాషలో రెండింటికీ ఒకటే మాటట.

ఒక ఆదివారం వాణ్ణి ప్రార్థన చెయ్యమన్నారు. కళ్ళు మూసుకుని, "ప్రభువా, మన పాపాలు క్షమించు" అన్నాడు. సిస్టరమ్మలు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ప్రార్థన అయ్యాక పాస్టరు గారు నెమ్మదిగా చెప్పారు, "బాబూ, దేవుడితో మాట్లాడేటప్పుడు మా పాపాలు అనాలి. మన అంటే ఆయన్ని కూడా కలిపినట్టు" అని. వాడు అడిగాడు, "అయితే దేవుణ్ణి గుమ్మం బయట నిలబెట్టి మాట్లాడమంటారా?"

పాస్టరు గారూ, ఆ రోజు మీరు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. నేను మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. కానీ ఆ రోజు నుంచి నా ప్రార్థన చెడింది. ఊహ తెలిసినప్పటి నుంచి "మా" అనే అంటున్నాను. ఇప్పుడు మా అనగానే ఆగిపోతున్నాను. ఎవరిని బయట పెట్టాను? పోనీ మన అందామా అంటే భయం, నాలుక తిరగదు. ఇంతవరకూ తేలలేదు. వాడు తెలియక అన్నాడా? తెలిసే అన్నాడా? అదీ తేలలేదు.

ఇంకొకటి చెబుతాను. లారీ డ్రైవరు, అదిగో, చంకకర్రల మీద గోడ పక్కన ఉన్నాడు. కాలు తీసేసిన కొత్తలో ఈయన నోటికి జడిసి ఎవరూ ఆ మంచం దగ్గరికి పోయేవారు కాదు. మనోడు శుభ్రమైన దుప్పటి పట్టుకుని వెళ్ళాడు, జేబులో వాక్యం పుస్తకం. డ్రైవరు అడిగాడు, "నా కాలు తీసుకెళ్ళి మీ దేవుడు ఏం చేసుకుంటాడ్రా? ఆయనకు కాళ్ళు లేవా?" అని. దానికి చెప్పాల్సిన జవాబులు వాడికి వచ్చే ముందు నేర్పించారట. వాడు పుస్తకం తియ్యలేదు. దుప్పటి గుండెకు ఆనించుకుని నిలబడి, "మనకి తెలీదు" అన్నాడు.

అంతే. డ్రైవరు తిట్లు ఆగిపోయాయి. తర్వాత నాతో అన్నాడు, "అందరూ మాకు తెలుసు, నీకు తెలీదు అంటూ వస్తారు తాతా. వీడొక్కడే మనకి తెలీదు అన్నాడు" అని.

కానీ ఆ సాయంత్రం మనోడు లాండ్రీకి వచ్చి సోడా మూట మీద కూలబడ్డాడు. బాయిలరు ఆవిరిలో మొహం సరిగ్గా కనబడలేదు. ఏడుస్తున్నాడేమో. "తాతా, మనం చెప్పడానికి వచ్చాం. చెప్పడానికి ఏమీ లేదు. మనం తప్పు చోటికి వచ్చామా?" అన్నాడు. నేను పుట్టింది ఇక్కడే. నేను ఎక్కడి నుంచీ రాలేదు. అయినా నన్నే అడిగినట్టు అనిపించింది. ముందు దుప్పటి కొస పట్టుకోమన్నాను. పట్టుకున్నాడు.

ఇక ఆ జ్వరం. మన డాక్టరమ్మ చెయ్యగలిగినంతా చేసింది. తగ్గకపోయేసరికి పట్నం పెద్దాసుపత్రికి పంపింది. తాతని తోడు రమ్మను అన్నాడట, వెళ్ళాను. నాకు వైద్యం తెలీదు. దుప్పటి మార్చడం తెలుసు. మంచం మీద మనిషి ఉండగానే మార్చాలంటే, ముందు ఒక పక్కకి ఒత్తిగిలించి సగం పరచాలి. తర్వాత ఈ పక్కకి తిప్పి తక్కిన సగం. మధ్యాహ్నం వాణ్ణి గోడ వైపుకి ఒత్తిగిలించాను. అటు తిరిగే అన్నాడు, "తాతా, మన ఊరికి తీసుకెళ్ళు."

నేను "అలాగే నాయనా" అన్నాను.

ఏ ఊరని అడగలేదు. అప్పుడు నాకు అనుమానమే రాలేదు. సగం పరిచి, ఈ పక్కకి తిప్పేసరికి వాడు లేడు.

ఇప్పుడు చెప్పండి. మన ఊరంటే ఏ ఊరు? మనలో ఎవరైనా ఆ మాట నాతో అంటే ఇంకో అర్థం లేదు. ఈ ఊరే. కానీ అన్నది వాడు. వాడు పుట్టిన ఊరు కూడా వాడి నోట మన ఊరే. నేను మాటిచ్చాను. ఎక్కడికి తీసుకెళ్తానని మాటిచ్చానో నాకే తెలియదు. ఇలాంటి మాట ఎవరైనా ఇస్తారా?

నాకు వాడి భాష రాదని వాడికి తెలుసు. అంత జ్వరంలో, తల్లి నేర్పిన మాట పక్కన పెట్టి, నాకు తెలిసేటట్టు నా మాట వెతుక్కుని అడిగాడు. అయినా నాకు తెలియలేదు. ఇది మింగుడుపడటం లేదు.

నిన్నటి నుంచి మా ఇంటికి అందరూ వస్తూనే ఉన్నారు. సిస్టరమ్మ అంటుంది, "ఈమధ్య వాడు సరిగ్గానే అనేవాడు తాతా. మొన్నామధ్య నాతో మా అమ్మ ఫోను చేసింది అన్నాడు. మా అన్నాడు, మన అనలేదు. నేర్చుకున్నాడు. మన ఊరన్నాడంటే మన ఊరే." నిజమే అనిపించింది. డ్రైవరు అన్నాడు, "నాన్చకు తాతా. మనోడు మన దగ్గర కాక ఇంకెక్కడ ఉంటాడు?" అదీ నిజమే అనిపించింది. వాళ్ళు వెళ్ళాక మా ఆవిడ అంది, "నేర్చుకున్నది ఒంట్లో బాగున్నప్పుడే గుర్తుంటుందయ్యా. జ్వరంలో బిడ్డ తల్లిని కాక నిన్ను తలుచుకుంటాడా?" అదీ నిజమే. ఎవరు చెబితే అది నిజమనిపిస్తుంటే, ఇంక నా బుర్ర ఎందుకు?

ఈ పొద్దున పాస్టరు గారిని వెంటబెట్టుకుని అమ్మ దగ్గరికి వెళ్ళాను. మీకేమైనా తెలుస్తుందేమో చెప్పండమ్మా అన్నాను. ఆమె ఏం చెప్పిందో చెప్పనా? "ఫోనులో మాట్లాడినప్పుడల్లా వాడు మన ఇల్లు, మన వాళ్ళు అనేవాడు. అది మేమో, మీరో నాకూ తెలిసేది కాదు. అడగాలంటే భయం వేసేది" అంది. అది చెబుతూ పాస్టరు గారే తడబడ్డారు. మన ఇల్లు అన్నారు, కాదు మా ఇల్లు అన్నారు, ఆఖరికి "ఏమనాలో నాకూ తెలియడం లేదు పెద్దాయనా" అన్నారు. కన్నతల్లికే తెలియకపోతే లాండ్రీవాడికి ఎలా తెలుస్తుందయ్యా?

నా మనసులో ఉన్నది దాచను. వాడు ఇక్కడే ఉండాలని నాకుంది. చర్చి వెనక స్థలం మా లాండ్రీ కిటికీలోంచి కనబడుతుంది. బట్టలు ఆరేస్తూ ఒక మాట చెప్పుకోవచ్చు. ఇక్కడే ఉంటానన్నాడని నేనిప్పుడు అంటే కాదనేవాడు లేడు. అక్కడే నాకు భయం. చెవి విన్నది చెబుతానా, ప్రాణం కోరింది చెబుతానా? ఆ ఊరు అనుకుని తలుచుకుంటే వాడి గొంతు ఒకలా వినిపిస్తోంది. ఈ ఊరు అనుకుంటే ఇంకోలా వినిపిస్తోంది. నాకు ఇష్టమైన వైపుకి నా చెవి వంగిపోతోంది.

అందుకని, ఏది నిజమో తెలియనప్పుడు నాకు ఇష్టం లేనిదే చెబుతాను. అందులో నా స్వార్థం కలవలేదన్న సంగతి ఒక్కటైనా నాకు తెలుస్తుంది.

అమ్మా, మీ అబ్బాయిని తీసుకెళ్ళండి. వాడు అడిగింది అదేనని నేను అనను. అయి ఉండొచ్చు, కాకపోవచ్చు. నేను వాడికిచ్చిన మాట మీ చేతిలో పెడుతున్నాను. నాకు విమానం ఎక్కే ఓపిక లేదు. నా బదులు మీరు తీసుకెళ్ళండి.

మీలో కొందరికి కోపం వచ్చింది. కనబడుతూనే ఉంది. నేను ఎక్కడికీ పోను. రేపు లాండ్రీకి వచ్చి తిట్టండి, పడతాను. నేను చేసింది తప్పే కావచ్చు. అదీ నాకు తెలియదు.

బయట వ్యాను చర్చి వైపు మొహం పెట్టి నిలబడి ఉంది. అలా ఎవరు పెట్టించారో నేను అడగను. వ్యాను నడిపే అబ్బాయీ, నువ్వు వెళ్ళి దాన్ని పెద్దరోడ్డు వైపు తిప్పు. ఆ సందులో ఒక్క పట్టున తిరగదు. ముందుకీ వెనక్కీ చాలాసార్లు లాగాల్సి వస్తుంది. తొందరేం లేదు, మెల్లగా తిప్పు.

ఇక అందరూ లేవండి. లేవలేనివాళ్ళు గోడకి ఆనుకోండి. అమ్మా, మీరు లేవకండి. ఎవరి ప్రార్థన వాళ్ళు చేసుకోండి, మాట దొరకకపోతే ఊరికే నిలబడండి. వ్యాను తిరిగి, చప్పుడు ఆగేదాకా ఎవరూ ఏమీ అనవద్దు.