వద్దు అనే బటన్

అట్ల బోర్లా పెడతావేంది నాయనా ఫోన్ని? నిన్నట్నుంచీ చూస్తా ఉండా. నేను తిప్పి పెట్టేది, నువ్వు ఆ ఎడమచేత్తో మళ్ళా బోర్లించేది.

పగిలిపోతాదని కాదులే. పగిలితే పగిలింది.

దాంట్లో ఉండే యాప్ ఎట్లొచ్చిందో నీకు ఒక్కనాడన్నా చెప్పినానా? చెప్పలేదు. ఇప్పుడు కరెంటు లేదు, వీధిలో ఒక్క మరమగ్గమూ ఆడడం లేదు. అమ్మ రేషనుకి పోయింది. ఇట్లాంటప్పుడే చెప్పుకోవాల. లేకుంటే మన నగరిలో పక్కనుండే మనిషితో మాట్లాడాలన్నా అరవాల కదా.

అట్ల చూడొద్దు. తిట్టేదానికి కూచోలేదు. తిట్టే ఓపిక కూడా లేదు నాకు.

మనింట్లో ఎవురికి చిన్న గొంతుండాది చెప్పు? మగ్గాల చప్పుడులో పుట్టి పెరిగినోళ్ళం. నువ్వు అమ్మను కాఫీ అడిగితే వీధి చివర ఇనపడేది. అట్లాంటి మనిషివి, పోగు తెగిందని మగ్గం మీదికి వంగి, వంగినోడివి వంగినట్టే పడిపోయినావు. తిరుపతి ఆస్పత్రిలో ప్రాణం నిలబెట్టినారు. పక్షవాతంతో కుడిచెయ్యి పోయింది. మాట పోయింది.

మొత్తం పోలేదు. ఒకటి మిగిలింది. సరే.

అన్నం పెట్టేదా నాయనా? సరే. వద్దా? సరే. నొప్పిగా ఉండాదా? సరే. డాక్టరమ్మ చెప్పింది నాకు, ఆయనకి అన్నీ అర్థమైతాయమ్మా, నోటికి మాత్రం ఆ ఒక్క మాటే దొరకతా ఉండాది, అవునన్నా అదే, కాదన్నా అదే అని. నేను తలూపినా. బయటికొచ్చి చిన్నాయనకు కూడా చెప్పినా. వరండాలో నిలబెట్టి చెప్పినా, తెలుసునా నీకు?

అదంతా తెలిసే వచ్చినాడు ఆయన, నేను తిరుపతిలో ఆఫీసులో ఉన్న పూట. 'అన్నా, నువ్వింక నేసేది లేదు. నేనొక్కణ్ణే అన్నీ చూసుకోలేను. మగ్గాలు అమ్మేస్తామా?' అన్నాడంట. నువ్వేమంటావు? సరే అన్నావు. ఇంకేం మాటుండాది నీ దగ్గిర?

శనివారం ఇంటికొస్తే షెడ్డు ఖాళీ. మగ్గాలుండిన చోట నేల మీద నూనె మరకలు మటుకు ఉండాయి. అమ్మ చీపురు పట్టుకోని నిలబడుండాది, ఊడ్చాలో వద్దో తెలీక.

ఎవుర్నడిగి అమ్మినావు చిన్నాయనా అన్నా. 'అన్ననడిగే అమ్మినా.' దేనికైనా సరే అంటాడని నీకు తెల్దా అన్నా. 'తెలుసమ్మా. అయినా అన్న మొగం చూసినా కదా. సరే అన్నట్టే ఉండింది.' మొగం చూసి మగ్గాలు అమ్ముతారా అని అరిచినా. వీధంతా ఇనింది.

అంతే. ఆ పొద్దు నుంచీ ఆ ఇంటి గడప తొక్కలేదు. లోహిత పెండ్లికి కూడా పోలేదు. చిన్నాయన కూతురు, నీ చెయ్యి పట్టుకోని నడక నేర్చింది. పత్రిక మంచం మీద పెట్టి పోయినాడు ఆయన. పోవద్దు నాయనా అన్నా. సరే అన్నావు.

ఆఁ... అవును. సరే అన్నావు.

అప్పుడు మొదలుపెట్టినా యాప్. నాకు కావాల్సింది ఒకే బటన్. ఎర్రది. నొక్కితే 'వద్దు' అనాల. మిగతావన్నీ దాని చుట్టూ పెట్టినవే. సరే అనేదానికి ఒక పచ్చది, నీళ్ళు, అన్నం, ఫ్యాను, నొప్పి, దుప్పటి. బొమ్మలన్నీ ఉమ్మే హబీబా వేసింది. ఆఫీసులో నా పక్క సీటే. మొన్న ఖర్జూరాలు తెచ్చిచ్చిందే, ఆ పిల్ల. అడగంగానే వేసిచ్చింది, ఎందుకని కూడా అడగలేదు.

మాటలు ముందర మిషను గొంతుతో పెట్టినా. 'నాకు దాహముగా ఉన్నది' అనింది అది. అమ్మ విని, 'ఎవురే ఆయన, రేడియో అయ్యవారా?' అనింది. నిజమే. నువ్వు అట్ల మాట్లాడతావా? నీ గొంతు యాడన్నా ఉండాదా అని ఫోన్లన్నీ వెతికినా. పెండ్లి వీడియోల్లో మేళం చప్పుడే. నువ్వు నోరు తెరిచేది కనపడతాది, మాట ఇనపడదు.

నీ గొంతు ఇంకెవురికుండాది? మగ్గాలమ్మిన ధనంజయ చిన్నాయనకే. చీకట్లో పిలిస్తే అమ్మకే తెలీదు మీలో ఎవురో.

పోయినా. వాకిట్లో నిలబడి, కొన్ని మాటలు చెప్పియ్యాల అన్నా. లోపలికి రమ్మన్నాడు, పోలేదు. ఆయనే బయటికొచ్చి మెట్టు మీద కూచున్నాడు. ఫోను ముందర పెట్టినా. నీళ్ళు కావాల అన్నాడు. ఫ్యాను ఎయ్యి అన్నాడు. అన్నీ ఒక్కసారి చెప్పిచ్చినా. వద్దు అనేది మటుకు మళ్ళీ మళ్ళీ చెప్పిచ్చినా.

'ఎట్లనాలమ్మా? కోపంగానా, మెల్లగానా?'

నాయన ఎట్లంటాడో అట్ల అన్నా.

మెట్టు మీద సర్దుకోని కూచున్నాడు. తర్వాత, 'వద్దబ్బా' అన్నాడు. నాయనా, అది నువ్వే. నీ గొంతే. ఫోను ఆపేసి, ఇంకోసారి అన్నా. ఇంకోసారి అన్నాడు. ఇంకా గట్టిగా అన్నా. గట్టిగా అన్నాడు. లోపల్నుంచి చిన్నమ్మ వచ్చి చూసి పోయింది. అయిపోయినాక ఆయన పంపు కాడికి పోయి మొగం కడుక్కున్నాడు. నేను వచ్చేసినా.

నాకు ఏమీ అనిపించలేదు. అనిపిస్తాదనుకున్నా.

నీ ఒక్కడికే అయితే నీ ఫోన్లో ఎక్కిస్తే చాలు, యాప్‌ల స్టోర్ దాకా ఎందుకంటావా? ఆ వార్డులో నీ మాదిరి మంచానికొకరు ఉండిరే. ఇంకో ఇంట్లో ఇంకొకర్ని సరే అనిపించి ఇంకేదో అమ్మేస్తారు కదా. అందరి ఫోన్లలో ఉండాలనుకున్నా. చిన్నాయన ఫోన్లో కూడా.

స్టోరంటే ఏమనుకున్నావు? సంతలో గుడ్డ పరిచినట్టు కాదు. ముందర నువ్వెవురో చూపించమన్నారు. ఆధార్లో తులసీరాం హేమశ్రీ, సర్టిఫికెట్లో హేమశ్రీ టి. ఇద్దరూ ఒకరేనా అని అడిగినారు. ఒకరేనని నిరూపించేదానికి నేను పడిన తిప్పలుండాయే, ఒక దశలో నాకే అనుమానమొచ్చింది.

తర్వాత గుర్తు. హబీబా నోరు బొమ్మేసింది. పండ్ల డాక్టరు బోర్డు మాదిరుండాది. తీసేసి 'మా' అనే అక్షరం పెట్టినాం. యాప్ పేరు మాటసాయం కదా, అందుకని.

పంపించినా. తిప్పి కొట్టినారు. మీ యాప్ మైకు వాడుకుంటామని ఎందుకు అడుగుతా ఉండాది అన్నారు. చిన్నాయన గొంతు పట్టేదానికి రాసిన ముక్క, తీసేసేది మరిచిపోయినా. మాట రాని మనిషికి మైకెందుకు అని వాళ్ళ ప్రశ్న. నిజమే కదా? నాకు కోపం కూడా రాలేదు.

తీసేసి మళ్ళా పంపించినా. మళ్ళా తిప్పి కొట్టినారు. హబీబా స్టోర్లో యాప్ గురించి రాస్తా, 'మాట పోయినవాళ్ళకు మాట తెచ్చిస్తుంది' అని రాసింది. అది వైద్యం కిందికొస్తాదంట. రుజువులు చూపించమన్నారు. నా దగ్గిర ఏం రుజువుండాది? కొట్టేసినా. 'బొమ్మ నొక్కితే మాట వినిపిస్తుంది' అని పెట్టినా. అంతకుమించి ఏమీ చెప్పుకోలేదు.

వాడేవాళ్ళ సంగతులు ఏమేం దాచిపెట్టుకుంటారు అని ఇంకో ప్రశ్న. ఏమీ దాచుకోం, ఎవురేం నొక్కినారో యాడా రాసిపెట్టుకోం అని ఒప్పుకోలు ఇచ్చినా. దానికొక పేజీ తయారుచేసి ఇంటర్నెట్లో పెట్టాల. పెట్టినా.

అదయినాక, బయటికి వదిలేముందు కొంతమంది కొన్నాళ్ళు వాడి చూడాల అన్నారు. మనుషుల్ని యాడ తేవాల? ఆస్పత్రిలో కసరత్తు చేయించే గదికాడ నిలబడి ఒక్కొక్కర్నీ అడిగినా. పాకాల నుంచి యోగానంద అని ఒకాయన వచ్చేవాడు, రైల్వేలో గార్డు పని చేసినాడంట. నీకు మిగిలినట్టు ఆయనకు ఆ ఒక్క మాట కూడా మిగల్లేదు. ఆయన భార్య మోహనమ్మ ఫోన్లో ఎక్కిచ్చి ఇచ్చినా.

రెండు రోజులకు ఆమె ఫోను. 'ఏమ్మా, నువ్వు ఇచ్చినావే అది. ఈయన పొద్దున్నే ఉప్మా ముందర పెడితే వద్దబ్బా అంటాడు! పడిపోయిన కాడ్నుంచీ రోజూ ఉప్మానే పెడతా ఉండా, గమ్మున తిన్నాడు. ఇన్నాళ్ళూ ఇష్టం లేకనే తిన్నాడా?' ఏడస్తా ఉండాదో నవ్వతా ఉండాదో నాకు తెలీలేదు. ఏం పెట్టినావమ్మా మరి అన్నా. 'దోశ పోసినా. నాలుగు తిన్నాడు' అనింది.

ఫోను పెట్టేసి అనుకున్నా, చూసినావా, నేననుకున్నది నిజమే అని. గమ్మున ఉంటే ఒప్పుకున్నట్టు కాదు. సరే అంటే సరే కాదు.

నువ్వూ వాడతా ఉంటివి. నీళ్ళు నొక్కేవాడివి. ఫ్యాను నొక్కేవాడివి. మగ్గాల సంగతి నేను అడగలేదు. అడిగే పనేముండాది? జవాబు నాకు తెలుసు కదా. అడిగితే చిన్నాయన ముందరే అడగాల, ఆయన చెవులతో ఆయనే వినాల అనుకున్నా.

యాప్ వదిలినామని కబురొచ్చినప్పుడు పుత్తూరు దగ్గర బస్సులో ఉండా. చూసినా. స్టోర్లో పేరుండాది, 'మా' అనే గుర్తుండాది, కింద నా పేరు, మనింటి అడ్రసు. ఫోను సంచిలో వేసుకోని కిటికీలోంచి చూస్తా కూచున్నా. పక్కనామె, ఏమన్నా చెడ్డ కబురా తల్లీ అనింది. లేదమ్మా అన్నా.

నిన్నటి సంగతి నీకు తెలుసు. తెలిసినా చెప్పనీ. నా పక్కనుంచి ఒకసారి విను.

చిన్నాయన ఆయనంతట ఆయనే వచ్చినాడు. టీ అంగట్లో ఎవురి ఫోన్లోనో ఆయన గొంతు ఇనిపించినారంట. 'నా గొంతుతో ఎవురెవురో నీళ్ళడగతా ఉండారంటమ్మా' అని నిలబడినాడు. నేను కుర్చీ వేసినా. మర్యాదకి కాదు. ఆయన కదలకుండా కూచోవాలని.

నీ ఒళ్ళో ఫోను పెట్టినా. నాయనా, మగ్గాలు అమ్మేది నీకు ఇష్టమేనా అన్నా.

నువ్వు పచ్చది నొక్కినావు. 'సరే' అనింది. చిన్నాయన గొంతే, చిన్నాయన ముందర.

వేలు జారిందనుకున్నా. తిప్పి అడిగినా. మగ్గాలు ఈడనే ఉండాల్సిందా నాయనా?

ఎర్రది నొక్కినావు. 'వద్దబ్బా.'

ఎందుకు అన్నా. అంటే నువ్వు ఆ బొమ్మలన్నీ జరుపుకుంటా పోయినావు, తొందర లేకుండా. చెవి బొమ్మ కాడ ఆగినావు. 'చప్పుడు' అనింది. మళ్ళా ఎర్రది. 'వద్దబ్బా.' దాని తర్వాత, మేము ఎందుకో ఒక మూల పెట్టినాం, 'చాలు' అని. అది నొక్కినావు. ఒకసారి కాదు.

పుట్టినప్పట్నుంచీ ఆ చప్పుడులో ఉన్న మనిషివి, నీకు అది చాలనిపించిందని నాకెట్ల తెలుస్తాది చెప్పు? ఆయనకెట్ల తెలిసింది? మొగం చూసినా అన్నాడు కదా. నేనూ వారం వారం చూస్తానే ఉండానే ఆ మొగాన్ని.

చూసినావా, నేను అప్పుడే చెప్పలేదా అని ఒక్క మాట అన్నాడా ఆయన? అనింటే బాగుండు. అనలేదు. అమ్మ ఇచ్చిన కాఫీ తాగినాడు. గ్లాసు కడిగి బోర్లించినాడు. 'వస్తానన్నా' అన్నాడు. నువ్వు ఫోను ముట్టుకోలేదు, నీ నోటితోనే సరే అన్నావు. ఆయన నవ్వినాడు.

ఆయన పోంగానే ఫోను బోర్లా పెట్టినావు. అప్పట్నుంచీ ఇదే వరస.

నేనింకో మాట అడుగుతానని భయమా? లోహిత పెండ్లికి పోవాలనుండిందా అని అడుగుతాననా? అడగనులే. అడిగితే నువ్వేం నొక్కతావో... వద్దు. నాకు వద్దు. ఆ పొద్దు పంచె కట్టిచ్చుకోని కూచోనుంటివంట, అమ్మ నిన్న పడుకోబోయేటప్పుడు చెప్పింది. అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా అంటే, నువ్వు వినే మాదిరి ఉంటివా అనింది.

చూడు, కళ్ళు తుడుచుకో. నాకైతే రావడం లేదు. ఎందుకో తెలీదు.

మోహనమ్మ మళ్ళా ఫోన్ చేసింది పొద్దున. వాళ్ళ చిన్న ఫోన్లో ఎర్ర బటన్ సగం తెగిపోయి కనపడతా ఉండాదంట. ఆయన నొక్కలేక ఇసుక్కుంటా ఉండాడంట. దాన్ని చక్కబెట్టి మళ్ళా పంపించాల. ఇదిగో, ఈ ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉన్నంతలో అదే పని చేసినా.

పని అయిపోయింది. పంపేముందు ఒక గడి పెడతారు నాయనా, ఈసారి కొత్తగా ఏం చేసినారో వాడేవాళ్ళకు చెప్పండి అని. అది నింపితే గానీ పోదు. ఏం రాయాలో తోచక దాని ముందరే కూచోనుండా ఇంతసేపూ.

'చిన్న చిన్న తప్పులు సరిదిద్దినాము' అని రాసినా.

అందరూ అదే రాస్తారులే.