గనిలోంచి వచ్చిన కార్డు

కాదురా మాదియార్, తప్పు నాదేనంటావా? అను, అను. మీ అక్క అనేసింది, మా అమ్మ అనేసింది, పక్కింటి ముసలాయన కూడా నన్ను చూసి తలకాయ ఊపాడు. ఇక మిగిలింది నువ్వొక్కడివే. బావమరిదివి, నీ వంతు నువ్వూ అనేస్తే నేను నెమ్మదిగా టీ తాగుతా.

ముందు ఆ కోటు విప్పు. ఎక్కడికిరా ఇప్పుడు? జనవరిలో, కరగండలో, ఈ చలిలో, పెళ్ళికాని కుర్రాడికి బయట ఉండే రాచకార్యం ఏమిటి? కూర్చో. టీ పెట్టు. పాలు దండిగా పొయ్యి, మీ ఇంట్లో టీ అంటే గిన్నె కడిగిన నీళ్ళే. లిఫ్టు పాడైందని ఒక్క ముక్క ఫోన్లో చెప్పి ఏడవొచ్చుగా? తొమ్మిదో అంతస్తు దాకా కాళ్ళీడ్చుకుంటూ వచ్చాను. గనివాణ్ణి, నా ఊపిరితిత్తుల్లో సగం బొగ్గే.

ఏం, నవ్వొస్తోందా? నీకేం, నవ్వుతావు. నీ కంప్యూటర్ చూడు, పెళ్ళిపందిరిలా ఎలా వెలుగుతోందో! ఆ లోపలున్నది గ్రాఫిక్స్ కార్డా, ఇటుకా? దానికి మూడు ఫ్యాన్లా? ఒక్కడివే కూర్చుని లారీలు తోలే ఆట ఆడుకోవడానికి ఇంత రాజసం ఎందుకురా నీకు? సరేలే, నీ సంపాదన, నీ ఇష్టం. నేనేమన్నా అన్నానా?

మొదట్నుంచి చెప్తా విను. సగం నీకు తెలుసు, అయినా వినాలి.

మా అమ్మాయి జెరె వాళ్ళ బడిలో కంప్యూటర్ ఆటల జట్టుకి ఐదుగురు. నలుగురు మగపిల్లలు, ఇది ఒక్కతే ఆడపిల్ల. తుపాకులు పట్టుకుని గోడల చాటున నక్కే ఆట. దీని గురి ఎలాంటిదంటే, మా నాన్న బతికుంటే వేటకి వెంట తీసుకుపోయేవాడు. కానీ దీని కంప్యూటర్లో శత్రువు ఇక్కడ ఒకసారి కనబడతాడు. మళ్ళీ బొమ్మ కదిలేసరికి వాడు దీన్ని కాల్చేసి, ఇంటికెళ్ళి భోంచేసి పడుకుని ఉంటాడు. ఆ జట్టు నాయకుడు, ముక్కు పిండితే పాలు కారే వెధవ, 'నీ ఆట మంచిదే, నీ డబ్బా మంచిది కాదు, నెలాఖరు పోటీలకి వేరేవాణ్ణి చూసుకుంటాం' అన్నాడట. పదమూడేళ్ళ పిల్లతో అనే మాటేనా అది?

బొమ్మ ఆగకుండా కదలాలంటే గ్రాఫిక్స్ కార్డు మార్చాలట, ఇక నేను కొట్టుకెళ్ళాను. కొత్త కార్డు ధర అడిగితే అక్కడి అమ్మాయి చెప్పింది. 'అమ్మా, నేను గుర్రం ధర అడగలేదు' అన్నా. ఆ పిల్ల నవ్వలేదు. చేతిలో ఉన్న డబ్బేమో ఏటా చలికాలానికి కొనే గుర్రం మాంసంలో వాటా కోసం దాచింది. మీ అక్కే అంది, ఈ ఏడు కోడి తిందాం, చచ్చిపోముగా అని. మా అమ్మ మాత్రం కోడి ముందు కూర్చున్న ప్రతిసారీ దాన్ని ఎక్కడో చూసినట్టు మొహం పెడుతోంది.

అప్పుడే కదా నీకు ఫోన్ చేసింది. ఎనిమిది జీబీకి తగ్గొద్దన్నావు, కంప్యూటర్ పెట్టెలో పట్టేంత పొడవే ఉండాలన్నావు, మన పవర్ సప్లై దానికి సరిపోవాలన్నావు. పాతదైనా ఫర్వాలేదు గానీ మైనింగ్ కార్డు మాత్రం ఛస్తే కొనొద్దన్నావు. అన్నావా లేదా? ఆ మాటకి అర్థమేమిటో చెప్పావా? చెప్పలేదు. నీకేమో అందరికీ అన్నీ తెలుసని అభిప్రాయం.

మైకుదుక్ పేటలో ఒక గ్యారేజీ. కుర్రాడు తలుపు తీశాడు, లోపల కార్డులు బేకరీలో రొట్టెల్లా వరసగా పేర్చున్నాయి. ఒకటి తీసి చేతిలో పెట్టి, 'మీ దగ్గర దాపరికమెందుకు, ఇది మైనింగ్ చేసిన కార్డు' అన్నాడు.

నేను, 'ఏ గని?' అన్నా.

వాడు నన్ను చూశాడు. నేను వాణ్ణి చూశా. నవ్వకురా! మనూళ్ళో గని అంటే వేరే ఏముంటుంది? కిందకి దిగేటప్పుడు తెల్లగా దిగుతాం, నల్లగా పైకొస్తాం, అదేగా గని? లోపలికి గాలి పంపే యంత్రాలకి కంప్యూటర్లుంటాయి, వాటిలోదే అయ్యుంటుందనుకున్నా. చెమ్మ తగిలిందా, ఎంత లోతున పనిచేసింది అని కూడా అడిగేశాను. వాడు పొట్ట పట్టుకుని నవ్వి నవ్వి, ఆ తర్వాత పాపం కూర్చోబెట్టి చెప్పాడు. రేకుల షెడ్డులో, వేడిలో, దుమ్ములో, రాత్రీ పగలూ సెలవన్నది లేకుండా ఎవడికో క్రిప్టో అనే కంప్యూటర్ డబ్బు తవ్వి పెట్టిందట. ఇక గిట్టుబాటు కావడంలేదని బయటికి గెంటేశారట.

అది విన్నాక దాన్ని అక్కడ వదిలేసి ఎలా వస్తానురా? వరసకి నాకు తమ్ముడవుతుంది.

వాడు కూడా నా మొహం చూసి ధర తగ్గించాడు. జీవితంలో ఇంత నవ్వలేదని, అందుకట. కోటు లోపల పెట్టుకుని తెచ్చాను, బయట చలి కదా అని. జెరె దాన్ని విప్పి బ్రష్షుతో దులిపితే నల్లటి దుమ్ము, అచ్చం మనదే. వేడికి రాసే ఆ పేస్టేదో రొట్టెకి వెన్న రాసినట్టు పల్చగా రాసింది. ఎడమవైపు ఫ్యాను మొదలైనప్పుడల్లా దగ్గేది, సరిగ్గా నాలాగే. మీ అక్క, 'ఇంట్లో ఇద్దరయ్యారు' అంది.

ఆ సాయంత్రం జెరె నన్ను పిలిచింది. 'నాన్నా, చూడు, ఆటలో గడ్డి కదులుతోంది' అంది. నిజంగానే కదులుతోందిరా! స్టెప్పీ మైదానంలో పుట్టి, గడ్డిలో పొర్లాడి పెరిగినవాణ్ణి, గడ్డి కదలడం చూడ్డానికి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మీ అక్క భోజనానికి పిలిచినా లేవలేదు. పిల్ల అంత సంతోషంగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. అక్కడితో కథ ఆగిపోతే ఎంత బాగుండేది!

ఆగదుగా. పోయిన ఆదివారం మా అక్క రౌషన్ వచ్చింది, వెంట వాళ్ళ ఎర్‌సాయిన్. గడ్డం వచ్చింది గానీ బుద్ధి రాలేదు వాడికి. నాకేమో చెయ్యి దురద, చూపించుకోవాలి కదా! కంప్యూటర్ ముందు నిలబెట్టి, గడ్డి చూపించి, 'చూశావుగా, ఇక బైగజి తియ్యి' అన్నా. కొత్త వస్తువు చూసినవాడు ఏదో ఒకటి చేతిలో పెట్టకుండా పోతాడా? ఏదో ఒక చాక్లెట్టు, ఒక నాణెం. పెద్ద ఆశేం కాదుగా?

వాడు జేబులు తడుముకుని, 'మామా, నీ దగ్గర నా మూడోది ఇంకా మిగిలే ఉంది కదా' అన్నాడు.

అవును, ఉంది. మేనల్లుడు మేనమామ ఇంట్లోంచి ఏవైనా మూడు అడగొచ్చు, మామ కాదనకూడదు, మన ఆచారమే, దాంట్లో కొత్తేముంది? మా నాన్న గుర్రం జీనుని వాడు చిన్నప్పుడే పట్టుకుపోయాడు. మీసాలొచ్చాక నా వేటకుక్కని తీసుకుపోయాడు, ఇప్పుడది వాళ్ళింట్లో సోఫా మీద పడుకుని టీవీ చూస్తోంది. మూడోది గుర్రం అడుగుతాడులే, మనకి గుర్రం లేదుగా అని నేను నిశ్చింతగా ఉన్నా. పైగా తాగినది రెండు గ్లాసులు. అందరి ముందూ చేతులు చాపి, 'అడగరా అల్లుడూ! మామ ఇంట్లో నీకు లేనిదేముంది!' అన్నాను.

ఆ మాట అన్న నోరే ఇప్పుడు నీ టీ తాగుతోంది. వాడు అడిగింది ఆ కార్డే.

కాదనడమా? చెప్పడం తేలిక నీకు. మా అమ్మ ఎదురుగా కూర్చుని ఉంది. మేనల్లుడికి కాదంటే చేతులకి వణుకు వస్తుందని ఆవిడ నమ్మకం. వాళ్ళ పెదనాన్న ఎవరో కాదన్నాడట, చచ్చేదాకా టీ ఒలకబోసుకున్నాడట. ఆ వణుకు వోడ్కాదని ఊరందరికీ తెలుసు, మా అమ్మకి తప్ప. ఇటు మా అక్క, 'వాడేం పరాయివాడా' అంటోంది. మీ అక్క మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. ఆ చూపు నీకు తెలుసు, నువ్వూ చిన్నప్పుడు తిన్నావుగా.

ఇచ్చేశానురా.

ఇచ్చెయ్యడం కూడా కాదు, ఇంకా దరిద్రం విను. నాకు దాన్ని విప్పడం రాదు. స్క్రూ పట్టుకుంటే చెయ్యి వణికింది. ఇచ్చేవాడికి వణకదనేగా మా అమ్మ చెప్పింది? అప్పుడు జెరె లేచొచ్చి నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుంది. తనే విప్పింది. తనే డబ్బాలో పెట్టి చుట్టూ నా పాత స్వెటర్ కుక్కింది, దారిలో కుదుపులకి దెబ్బ తగలకుండా. ఎర్‌సాయిన్ చేతిలో పెట్టి, 'అన్నా, ఎడమ ఫ్యాను దగ్గుతుంది, భయపడకు. కాస్త వేడెక్కితే సర్దుకుంటుంది' అని చెప్పింది. నేను ఆ గదిలోంచి బయటికొచ్చి వరండాలో మంచు ఊడ్చాను. అప్పటికే ఊడ్చి ఉంది, మళ్ళీ ఊడ్చాను.

అది ఏడిస్తే ఏదో ఒకటి కొనిచ్చి ఊరుకోబెడదును. ఏడవలేదు. అరవలేదు. మర్నాడు పొద్దున్న గంజి తింటూ, 'నాన్నా, ఈ ఇంట్లో నాకెన్ని?' అంది.

'ఏమిటి ఎన్ని?' అన్నా.

'అడిగేవి. అన్నకి మూడు కదా. నాకెన్ని?'

చెప్పు చూద్దాం. చదువుకున్నవాడివి, నువ్వు చెప్పు. మా అమ్మ కలగజేసుకుని, 'ఇంటి పిల్లవి, నీకు లెక్కేమిటే' అంది. అది నానమ్మ వైపు తిరిగి, 'లెక్క లేదంటే ఎన్నైనా అనా, ఒక్కటీ లేదనా?' అని అడిగింది. మా అమ్మ నోట్లో ఉన్న ఎండు పెరుగు కుర్త్ ముక్క ఆ దవడ నుంచి ఈ దవడకి మార్చుకుంది. ఆ రోజు నుంచి పిల్ల నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడటంలేదు. ఉప్పు, తాళంచెవి, వెళ్ళొస్తా. అంతే. పోటీలేమో వచ్చే ఆదివారం.

నిన్న మా అమ్మ ఉన్నట్టుండి నోరు తెరిచింది. 'పిచ్చిదానా, నీ మూడూ ఇక్కడ వెతుక్కుంటావేమిటే? అవి మీ అమ్మ పుట్టింట్లో కదా ఉన్నాయి' అంది. నేను, ఆడపిల్లక్కూడానా అన్నా. 'మేనల్లుడికి చెల్లేది మేనకోడలికి చెల్లదని చెప్పిన ముసలాడెవడో నా ముందుకి తీసుకురా' అంది. ఎవణ్ణి తెస్తాను? ఆవిడ కంటే ముసలివాడు మా వీధిలో లేడు.

ఏం, టీ తాగవేం? ఎందుకలా నీ కంప్యూటర్ వైపు చూస్తున్నావు? కండువా కప్పితే మాత్రం లైట్లు కనబడవా? కూర్చో, కూర్చో. వెళ్ళాలి వెళ్ళాలి అనకు. ఇందాకట్నుంచి నేను కిటికీలోంచి ఎందుకు చూస్తున్నాననుకున్నావు, మంచు పడుతోందనా?

సరే, చెప్పేస్తా. నేను ఓదార్పు కోసం రాలేదు. నువ్వు ఇంట్లోంచి జారుకోకుండా మాటల్లో పెట్టడానికి వచ్చాను. జెరె వెనక బస్సులో వస్తోంది. మేనమామ ఇంటికి వట్టి చేతులతో రాకూడదని మీ అక్క నూనెలో బౌర్సాకు రొట్టెలు వేయించి ఇస్తానంది, అందుకే ఆలస్యం. ఈ ఎత్తు నాది కాదు, మీ అక్కది. నేను కూలివాణ్ణి.

మా పవర్ సప్లై నీ కార్డుకి చాలదంటావా? తెలుసు. పెట్టెలో కూడా పట్టదు. జెరె నిన్న రాత్రే స్కేలు పెట్టి కొలుచుకుంది. అందుకేగా మూడున్నాయి? కార్డొకటి, పవర్ సప్లై ఒకటి, పెట్టె ఒకటి.

మొహం అలా పెట్టకురా. నీకు ఉద్యోగముంది, పెళ్ళాం లేదు, మళ్ళీ కొనుక్కుంటావు. కావాలంటే ఆ మైకుదుక్ కుర్రాడి దగ్గరికి నేనే తీసుకెళ్తా, ఏ గనో అడిగి మరీ ఇప్పిస్తా. ఆ దగ్గే కార్డు మళ్ళీ అక్కడికే అమ్మకానికొస్తే దాన్ని మాత్రం నేను తీసుకుంటా, అదంటే నాకెందుకో ఇష్టం.

అదిగో, మెట్ల మీద చప్పుడు. పాపం తొమ్మిది అంతస్తులూ ఎక్కొచ్చింది. స్క్రూడ్రైవర్ కోసం వెతక్కు, జేబులో పెట్టుకునే బయల్దేరింది.

లే. నేను కాదు, నువ్వే వెళ్ళు. తలుపు తీసి, చేతులు చాపి, నేను ఆ ఎర్‌సాయిన్ వెధవతో అన్నట్టే గట్టిగా అను. 'అడుగు తల్లీ, మామ ఇంట్లో నీకు లేనిదేముంది' అను. ఆ మాట దానితో ఇంతవరకూ ఎవ్వరూ అనలేదురా. నేను కూడా అనలేదు.