రెండో సరే

మధ్యాహ్నం భోజనాల వేళ. ఆఫీసు మెట్ల మీద ఆమె, ఇంట్లో ఆయన, ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. ఆసుపత్రి పంపులు మందును ఎంత వేగంతో ఎక్కించాలో లెక్కగట్టే ప్రోగ్రామును పన్నెండేళ్లుగా జీతం లేకుండా చూసుకుంటున్నవాళ్లు. ఇద్దరూ సరే అంటేనే అందులో బయటివాళ్లు పంపే ఏ మార్పైనా చేరుతుంది.

"అది కాదు మాస్టారూ, నేనడిగేది ఒక్కటే. అరవై మూడు మార్పులకి నలభై నిమిషాల్లో సరే అనేశారు. చదివారా?"

"చదివినట్టే."

"చదివినట్టే అంటే?"

"అబ్బ, లాయరులా పట్టుకున్నావే! భోంచేశావా?"

"మాట మార్చకండి. పదిహేడోది చూశారా? మోతాదు అంకెలో పాయింటు ఒక స్థానం పక్కకి జరిగింది. పసిపిల్లలకి పదింతలు మందు ఎక్కేది."

"నువ్వు పట్టుకున్నావుగా."

"నేను జ్వరమొచ్చి పడుకునుంటే? మీరు సరే అనేశారు మాస్టారూ. మీరు! నేను కొత్తగా చేరినప్పుడు ఒక్క కామా కోసం నన్ను మూడు రోజులు తిప్పారు, గుర్తుందా? బాత్రూంలో కూర్చుని ఏడ్చా."

"ఆ కామా తప్పే."

"తప్పే! ఎవరు కాదన్నారు? అప్పుడు పదకొండు మందిమి. పోట్లాడుకునేవాళ్లం, అలిగేవాళ్లం, పొద్దున్నే మళ్లీ వచ్చి పడేవాళ్లం. ఇప్పుడు గ్రూపులో ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగి ఎన్నాళ్లయింది?"

"ఏఐని అడుగుతున్నారు. అది నాలాగా విసుక్కోదు."

"మార్పులు రాసేదీ అదే. ఈ లైను ఎందుకు మార్చావు బాబూ అని పంపినవాణ్ని అడిగితే, ఆ జవాబూ దానితోనే రాయిస్తున్నాడు. పైగా నన్ను పొగుడుతూ! నేనెవరితో మాట్లాడుతున్నట్టు?"

"నాతో మాట్లాడుతున్నావుగా."

"మీరూ మాట్లాడట్లేదు. 'బాగుంది, సరే.' అన్నిటికీ అదే ముక్క."

"ఊఁ."

"ఊఁ కాదు. ఇంక నావల్ల కాదు మాస్టారూ. తెల్లారితే ఇంకో అరవై. మా ఆయన నా మొహం చూసి పలకరించడమే మానేశారు. వదిలేస్తున్నా. నా అధికారాలన్నీ మీ పేరున మార్చేస్తున్నా."

"ఆగాగు. మార్చేశావా, మార్చబోతున్నావా?"

"బటన్ మీదుంది వేలు."

"నొక్కకు."

"ఎందుకు? మీకంటే బాగా చదివేవాళ్లెవరున్నారు?"

"నొక్కకమ్మా. ఇంకెవర్నైనా చూద్దాం."

"ఎవర్ని? మిగిలింది మనిద్దరమే. మునుపట్లా చదవండి, చాలు. లేదంటే మీరూ మానెయ్యండి, మూసేద్దాం."

"మనం మూస్తే పంపులు ఆగవు. ఈ ప్రోగ్రామునే ఎవడో ఎత్తుకుపోయి నడుపుతాడు. అడిగే దిక్కుండదు."

"మరి మీరెందుకు చూడట్లేదు? ముందది చెప్పండి. నామీద కోపమా?"

"కోపమా! నీమీదా!"

"మరి?"

"నేను తప్పుకుంటే నువ్వొక్కదానివే అయిపోతావని... ఏఐ చదివి బాగుందంటోంది, నేను సరే అంటున్నా. రెండు కళ్లూ కనబడక ఏడు నెలలైందమ్మా నాకు."